కూలి పోకుండా షుగర్ వైద్యం: ఊళ్లో నగదు ప్రోత్సాహకం నడిపే పద్ధతి

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు తలా కొంత వేసుకుని షుగర్ శిబిరం పెట్టించడం మన డెల్టా ఊళ్లలో మామూలే. రక్తం చూస్తారు, చీటీ రాస్తారు, పది పదిహేను రోజుల బిళ్లలు చేతిలో పెడతారు. పండగ వెళ్లగానే దాళ్వా పనులు ముంచుకొస్తాయి, ఈలోగా బిళ్లలు అయిపోతాయి. మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలంటే పూట కూలి వదులుకోవాలి, ఆటోకి పెట్టుకోవాలి, వరసలో నిలబడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితమే. ఆ మందు దాకా వెళ్లి రావడానికే ఖర్చు. పైగా షుగర్ మొదట్లో నొప్పి పెట్టదు, మంచం ఎక్కించదు. అలాంటప్పుడు ఎప్పుడో రాబోయే కిడ్నీ జబ్బు కంటే ఇవాళ్టి కూలే పెద్దగా కనబడుతుంది. దాన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం.

ఈ అడ్డును డబ్బుతోనే తొలగించవచ్చు. శిబిరానికి ఒక్కరోజులో ఖర్చుపెట్టే మొత్తాన్ని ఏడాది పొడవునా చిన్న చిన్న మొత్తాలుగా రోగి చేతికి చేర్చాలి. అయితే దేనికి ఇస్తున్నాం, ఎప్పుడిస్తున్నాం అనేదాంట్లో పొరపాటు చేస్తే డబ్బు ఖర్చయి, షుగర్ అలాగే ఉంటుంది, కొన్నిసార్లు రోగికి హాని కూడా జరుగుతుంది. గ్రామ సంఘాలు, ట్రస్టులు, ఆరోగ్య కేంద్రం డాక్టర్లు కలిసి ఒక పంచాయతీలో వందమందితో దీన్ని ఎలా నడపాలో కింద రాస్తున్నాం.

డబ్బు దేనికివ్వాలి

దాతలకు మొదట తట్టే ఆలోచన "షుగర్ తగ్గించుకున్నవాళ్లకు బహుమతి" అని. వద్దు. తగ్గడం పూర్తిగా రోగి చేతిలో లేదు. మందు మోతాదు డాక్టరు చేతిలో ఉంది, బియ్యం తప్ప వేరే తిండి కొనగలగడం కూలి చేతిలో ఉంది, పదిహేనేళ్లుగా షుగరున్న మనిషి శరీరంలో ఇన్సులిన్ ఎంత మిగిలిందన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఫలితానికి డబ్బు పెడితే కొత్తగా షుగరొచ్చినవాళ్లు, తేలిగ్గా తగ్గేవాళ్లు తీసుకుంటారు. నిజంగా సాయం కావలసినవాళ్లు రెండుసార్లు ఓడిపోయి రావడం మానేస్తారు.

2012లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ మాటే చెబుతుంది. ఫిలడెల్ఫియాలో షుగర్ అదుపులో లేని మాజీ సైనికులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష అంకె) ఒక పాయింటు తగ్గితే 100 డాలర్లు, రెండు పాయింట్లు తగ్గితే 200 డాలర్లు ఇస్తామన్నారు. ఇంకో జట్టులో ఒక్కొక్కరికీ, ఒకప్పుడు షుగర్ అదుపు తప్పి ఇప్పుడు సర్దుకున్న తోటి రోగిని జత చేశారు. ఆరు నెలల తర్వాత తోటి రోగి జతపడ్డవాళ్లకు సగటున ఒక పాయింటుకు పైగా తగ్గింది. డబ్బు ఆశ చూపిన జట్టుకూ మామూలు వైద్యం పొందిన జట్టుకూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

అదే డబ్బును వచ్చినందుకు, పని పూర్తిచేసినందుకు ఇస్తే కథ వేరు. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో పిల్లలకు టీకా వేయించిన ప్రతిసారీ కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయ్యాక కంచాలు ఇచ్చారు. 2010లో వెలువడిన లెక్కల ప్రకారం ఏ ఏర్పాటూ లేని ఊళ్లలో 6 శాతం పిల్లలకు టీకాలు పూర్తయితే, క్రమం తప్పని శిబిరాలు పెట్టిన ఊళ్లలో 18 శాతానికి, శిబిరంతో పాటు పప్పు కూడా ఇచ్చిన ఊళ్లలో 39 శాతానికి చేరింది. మధ్యలో ఉన్న 18ని గమనించండి. వస్తే పని అవుతుందన్న నమ్మకం కలిగించడంతోనే మూడింతలయింది. పప్పు ఆ తర్వాతి సంగతి.

అందుకే మా సలహా: నాలుగు పనులకు మాత్రమే డబ్బివ్వండి. నెల మందులకు రావడం, మూడు నెలల సగటు పరీక్షకు రక్తమివ్వడం, ఏడాదికోసారి కళ్లు, మూత్రం, పాదాలు చూపించుకోవడం, ఆరు నెలలు వరసగా తప్పకుండా ఉండడం. అంకె ఎంత వచ్చినా డబ్బు ఆగకూడదు. 11 వచ్చిన మనిషికి కూడా "రక్తమిచ్చినందుకు" అని వంద చేతిలో పెడితే, వచ్చే మూడు నెలలకు మళ్లీ వస్తాడు. తిట్లు పడితే రాడు.

మొదలుపెట్టే ముందు రెండు నెలలు

మందుల నిల్వ చూడకుండా ఒక్క రూపాయి కూడా ప్రకటించకండి. ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రంలో షుగర్ బిళ్లలైన మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు, గ్లిమెపిరైడ్, వాటితో పాటు బీపీ బిళ్లలు వందమందికి ముప్పై రోజులకు సరిపడా ఉన్నాయా? మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు చొప్పున వేసుకునేవాళ్లు వందమంది ఉంటే నెలకు 6,000 బిళ్లలు కావాలి. మెడికల్ ఆఫీసరుతో కూర్చుని ఇండెంటులో (మందులు కావాలని పైకి పంపే జాబితాలో) ఈ సంఖ్య పెట్టించండి. డబ్బు కోసం వచ్చినవాళ్లను మందు లేక వట్టి చేతులతో పంపితే, రెండో నెల నుంచి అది మందుల రోజు కాదు, వంద రూపాయల రోజు అవుతుంది.

ఎవరిని చేర్చుకోవాలి? బియ్యం కార్డు ఉన్న, షుగర్ ఖాయమైన పెద్దవాళ్లను. వేలి మీద సూదితో ఒకసారి చూసిన అంకెను నమ్మి చేర్చవద్దు. పరగడుపున 126 లేదా ఆపైన, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఆపైన ల్యాబులో తేలాలి, లక్షణాలు లేనివారికి రెండోసారి కూడా ఖాయం చేసుకోవాలి. గర్భిణులను, చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లను ఈ పథకంలో కలపకుండా నేరుగా పెద్దాసుపత్రికి జతచేయండి. వాళ్లకు కావలసిన పర్యవేక్షణ వేరు.

హెచ్‌బీఏ1సీతో పాటు హిమోగ్లోబిన్ తప్పక చూడాలి. మన ఆడకూలీల్లో రక్తహీనత ఎక్కువ. ఇనుము లోపం ఉంటే సగటు అంకె అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ బిళ్లలు వేసుకోగానే షుగర్ మారకపోయినా అంకె దిగుతుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లలో, ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బులున్నవాళ్లలో కూడా ఆ అంకెను నమ్మలేం. ఇలాంటివాళ్లకు పరగడుపు, తిన్నాక రెండూ చూసి డాక్టరు నిర్ణయించాలి.

ఇంకొకటి, ప్రకటించే ముందే గత ఆరు నెలల రిజిస్టరు తీసి, ఎంతమంది ఎన్ని నెలలు మందు తీసుకున్నారో రాసిపెట్టుకోండి. పక్క ఊరి రిజిస్టరు కూడా తీసుకోండి. ఏడాది చివర "పెరిగింది" అనాలంటే ఎక్కణ్ణుంచి పెరిగిందో తెలియాలి కదా. ఫలితాలను పరిశోధనగా ప్రచురించే ఆలోచన ఉంటే ముందే ఒక ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి, తర్వాత అడిగితే ఇవ్వరు.

ఎంత ఇవ్వాలి

లెక్క సులువు: రావడానికి పోగొట్టుకునేది తిరిగి రావాలి, దానిపైన కొద్దిగా మిగలాలి. ఊళ్లోనే, పనివేళలు కాని సమయంలో జరిగేదానికి కూలి పోదు గనక 100 చాలు. కంటి పరీక్షకు అమలాపురమో నరసాపురమో భీమవరమో వెళ్లాలంటే రోజంతా పోతుంది. దానికి వంద ఇవ్వడం అవమానించడమే. మరీ పెద్ద మొత్తం పెడితే ఒంట్లో బాగోలేకపోయినా, ఇష్టం లేకపోయినా కాదనలేని స్థితి వస్తుంది, ఇరుగుపొరుగుల్లో రుసరుసలు మొదలవుతాయి.

ఒక మనిషికి ఏడాదికి నమూనా లెక్క ఇది:

నెల మందులకు వచ్చినప్పుడు 100 చొప్పున 12 సార్లు: 1,200
హెచ్‌బీఏ1సీకి రక్తమిచ్చినప్పుడు 100 చొప్పున 4 సార్లు: 400
కళ్లు, మూత్రం, పాదాల పరీక్షలు మూడూ పూర్తయితే: 400
ఆరు నెలలు తప్పకుండా వచ్చినవారికి మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పుల జత: 500 లోపు

మొత్తం 2,500, వందమందికి 2,50,000. పరీక్ష సర్కారు ల్యాబులో దొరక్కపోతే, మొదటిదానితో కలిపి మనిషికి ఐదు పరీక్షలు, ఒక్కోటి 300 అనుకుంటే మరో 1,50,000. లెక్కలు రాసి జనాన్ని పిలిచే మనిషికి నెలకు 2,000 చొప్పున 24,000. అంతా కలిపి 4,24,000. అందరూ అన్నీ పూర్తిచెయ్యరు గనక కొంత మిగులుతుంది. అయినా మొత్తం చేతిలో పెట్టుకునే మొదలుపెట్టండి. ఎనిమిదో నెలలో డబ్బు లేదని చెప్పడం కంటే అరవైమందితో ఏడాదంతా నడపడం మేలు. సగటు అదుపులో నిలిచినవాళ్లకు పరీక్ష ఆరు నెలలకోసారి చాలు, అక్కడ కొంత ఆదా అవుతుంది.

చెప్పులు ఎందుకంటే, స్పర్శ తగ్గిన పాదంతో ఉత్తకాళ్లతో చేలోకి, రొయ్యల చెరువు గట్ల మీదికి వెళితే గుల్ల గుచ్చుకున్నా తెలీదు. తెలిసేసరికి పుండు చీము పట్టి ఉంటుంది. బహుమతే వైద్యం అవుతుంది కాబట్టి ఇది డబ్బు కంటే మంచి ఖర్చు. వస్తువే ఇవ్వాలనుకుంటే కిలో కందిపప్పు, గుడ్లు ఇవ్వండి. పండగ కానుకని బెల్లం, నూనె, బియ్యం, స్వీటు పొట్లాలు పంచడం ఈ పథకంలో కుదరదు.

రోగి దగ్గరే డిపాజిట్ తీసుకుని వచ్చినప్పుడు తిరిగిచ్చే పద్ధతి ఉద్యోగస్తుల దగ్గర చేసుకోవచ్చేమో గానీ, కూలి జనం దగ్గర చెయ్యకూడదు. లక్కీ డ్రా కూడా మొదటి ఏడాది వద్దు. రెండుసార్లు పేరు రాకపోతే "మనకెందుకులే" అంటారు.

ఎప్పుడు, ఎలా చేతికివ్వాలి

అక్కడికక్కడే. బిళ్లలు తీసుకుని రిజిస్టరులో సంతకమో వేలిముద్రో వేసిన చోటే నోటు అందాలి. "మీ ఖాతాలో పడుతుంది" అన్న మాట మీద పేదవాళ్లకు నమ్మకం తక్కువ, దానికి కారణాలున్నాయి: ఖాతా పనిచెయ్యక ఆగిపోయి ఉంటుంది, ఆధార్ ఇంకో బ్యాంకుకు కలిసి ఉంటుంది. ఫోన్‌పే నంబరు కొడుకుది, ఆడమనిషి వంద రూపాయలు బెల్టు షాపు దాకా వెళ్లిపోతాయి. టీబీ రోగులకు 2018 నుంచీ ఇస్తున్న పోషణ సాయంలోనూ ఖాతా చిక్కులు, ఆలస్యాలు ఆశా కార్యకర్తలకు బాగా తెలిసినవే. వందమందికి పదివేలు నగదు ఇద్దరు సాక్షుల ఎదుట పంచడం పెద్ద పని కాదు. ఒకరు డ్వాక్రా గ్రామ సంఘం నుంచి, ఒకరు రోగుల్లోంచి ఉంటే సరిపోతుంది.

తేదీ నెలకు ఒకటే ఉండాలి. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటింటికీ పింఛన్లు పంచే పనిలో ఉంటారు, ఆ రోజు పెట్టకండి. అయిదు నుంచి పదో తారీఖు మధ్య ఒక రోజు నయం. వేళ ఉదయం అయిదున్నర నుంచి ఏడున్నర. కూలీ ముఠాలు అప్పటికే బయల్దేరే ఊళ్లలో సాయంత్రం అయిదు తర్వాత. హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు, ఏ వేళైనా రక్తం తీయొచ్చు. ఈ ఒక్క మాట ముందే చెబితే చాలామంది ఆడవాళ్లు పని దిగాక వస్తారు. రొయ్యల షెడ్లలో తలలు తీసేవాళ్లకు వేళాపాళా ఉండదు, చెరువు పట్టుబడి ఎప్పుడైతే అప్పుడే పని. షెడ్డు మేస్త్రీతో మాట్లాడి షెడ్డు దగ్గరికే వెళ్లాలి.

ఊడ్పుల్లో, మాసూళ్లలో హాజరు పడిపోతుంది. అప్పుడు డబ్బు పెంచి లాభం లేదు, రెండు రోజులు అదనంగా పెట్టండి. లంక గ్రామాలకు జూలై మొదట్లోనే అరవై రోజుల మందు ఇచ్చేయాలి. వరద నీరొచ్చి పడవలు ఆగిపోయాక చేసేదేమీ ఉండదు. వరద నెలలో ఫోన్‌లో మాట్లాడి బిళ్లలు లెక్క చెప్పినవాళ్లకు హాజరు వేయండి, లేకపోతే ఆరు నెలల వరస తెగిందని బాధపడతారు. ఇన్సులిన్ వాడేవాళ్లకు తడి ఇసుక పోసిన కుండలో మరో చిన్న కుండ పెట్టి సీసా దాచుకోవడం చూపించండి. వాడటం మొదలుపెట్టిన సీసాకి గడువు 28 రోజులు, తేదీ మీరే దానిమీద రాసివ్వండి.

దాత పట్టుబడితే ఫలితానికి బోనస్

కొందరు దాతలు ఫలితానికి కొంతైనా కేటాయించమంటారు. పూర్తిగా కాదనలేకపోతే ఈ కట్టుబాట్లతో ఇవ్వండి. ఇచ్చే మొత్తం డబ్బులో బోనస్ అయిదో వంతు దాటకూడదు. మొదటి హెచ్‌బీఏ1సీ అంకె నుంచి అర పాయింటు తగ్గినా, డాక్టరు ఆ మనిషికి పెట్టిన గురి లోపల ఉన్నా ఇవ్వాలి. గురి మామూలుగా 7, వయసు మళ్లినవాళ్లకు, వేరే జబ్బులున్నవాళ్లకు 8 వరకూ ఉండొచ్చు. ఇంకా కిందికి దిగితే ఎక్కువ ఇస్తామని ఎప్పుడూ అనకండి.

పరగడుపు షుగర్ మీద బోనస్ పెట్టనే పెట్టకండి. ముందు రెండు రోజులు అన్నం మాని, బిళ్ల ఒకటి ఎక్కువ వేసుకుని వస్తారు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. చెమటలు, వణుకు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి, మాట తడబడటం కనిపిస్తే షుగర్ 70 కంటే పడిపోయిందని అనుకోవాలి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. కార్తీక సోమవారాలు, రంజాన్ నెల, కోతల రోజులు రాకముందే బిళ్ల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడమని ప్రతి ఒక్కరికీ చెప్పండి. ఎండలో ఒళ్లొంచి పనిచేస్తూ మధ్యాహ్నం తినకపోతే మామూలు మోతాదే ఎక్కువైపోతుంది.

ఖాళీ బిళ్లల అట్టకు ఇంత అని డబ్బివ్వడం కూడా తప్పే. బిళ్లలు చెత్తలోకి, అట్టలు మీ దగ్గరికి వస్తాయి. అట్టలు చూడండి, మిగిలినవి లెక్కపెట్టండి, ఎందుకు మిగిలాయో అడగండి. మెట్‌ఫార్మిన్ కడుపులో తిప్పుతోందని చాలామంది మానేస్తారు. తిన్నాక వేసుకోమంటే, మోతాదు నెమ్మదిగా పెంచితే అది సర్దుకుంటుంది. ఆ మాట దొరికేది డబ్బు అడ్డం లేనప్పుడే.

జత, నడక, నిఘా

ఫిలడెల్ఫియా పాఠం మన ఊళ్లలో చాలా చవగ్గా అమలవుతుంది. షుగర్ అదుపులో ఉన్న మనిషిని, లేని ఇద్దరికి జత చేయండి. అదే వీధి, ఆడవాళ్లకు ఆడవాళ్లు, ఇంచుమించు ఒకే వయసు. వారానికి ఒకసారి పలకరించడమే పని. వాళ్లకు నెలకో రీఛార్జి చాలు. పిల్లలు గల్ఫ్‌లో ఉండి ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లకు ఈ పలకరింపు వంద రూపాయల కంటే ఎక్కువ పనిచేస్తుందని మా నమ్మకం.

నడకకు డబ్బివ్వడం గురించి కోయంబత్తూరులో మంచి పరిశోధన జరిగింది. షుగర్ ఉన్నవాళ్లకు, వచ్చే ప్రమాదం ఉన్నవాళ్లకు రోజుకు 10,000 అడుగులు నడిస్తే 20 రూపాయల ఫోన్ రీఛార్జి ఇచ్చారు. నడక రోజుకు పదమూడు నిమిషాల దాకా పెరిగింది. వారంలో నాలుగైదు రోజులు పూర్తయితేనే డబ్బని షరతు పెట్టినప్పుడు తక్కువ ఖర్చుతో దాదాపు అంతే నడిచారు. ఇది మన దగ్గర దర్జీలకు, ఆటో డ్రైవర్లకు, కొట్లో కూర్చునేవాళ్లకు పనికొస్తుంది. రోజంతా చేలో ఉండే మనిషిని పొద్దున్నే కాలవ గట్టు మీద నడవమనడంలో అర్థం లేదు.

మోసం గురించి: ఆశా కార్యకర్తకు తలకింత అని ఇస్తే రిజిస్టరులో తలలు పెరుగుతాయి. ఆమెకు నెలకు ఒకే మొత్తం ఇచ్చి, ప్రతినెలా పదిమంది ఇళ్లకు వేరేవాళ్లు వెళ్లి మందుపెట్టె చూసి రావాలి. ఒకరి బదులు ఒకరు రక్తమిచ్చే వీలు లేకుండా ట్యూబు మీద పేరు అక్కడే, మనిషి ముందే రాయాలి. డబ్బు అందుకుంటున్న ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. పెళ్లి కావలసిన పిల్లకు షుగరుందని ఊరంతా తెలిస్తే ఆ ఇల్లు ఇక రాదు. దాతలకు లెక్కలు పంపండి, మొహాలు వద్దు.

డబ్బు ఆపేటప్పుడు

టీకా కొన్నిసార్లు వేయిస్తే పూర్తవుతుంది, షుగర్ మందు బతికినంతకాలం. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టం కింద 2011లో పది రాష్ట్రాలకు నిధులిచ్చి పేద రోగులకు ఇలాంటి ప్రోత్సాహకాలు పెట్టించారు, హవాయి ప్రత్యేకంగా షుగర్ మీదే పెట్టింది. పరీక్షలకు రావడం కొన్నిచోట్ల పెరిగింది గానీ, వైద్య ఖర్చు తగ్గిందని గట్టిగా తేలలేదు. కాబట్టి ఒక్క ఏడాదిలో ఆసుపత్రి ఖర్చులు తగ్గుతాయని దాతలకు మాటివ్వకండి.

ఒక్కసారిగా ఆపితే హాజరు కూలిపోతుంది. పన్నెండో నెల దాకా ఉన్నవాళ్లకు రెండో ఏడాది నెలకు వంద తీసేసి, మూడు నెలల్లో రెండుసార్లయినా మందులకు వచ్చి, ఒకసారి రక్తమిచ్చినవాళ్లకు 150 పెట్టండి. ఒక తప్పుకు వీలుండాలి, లేకపోతే ఒక నెల తప్పినవాళ్లు మిగిలిన రెండూ మానేస్తారు. కళ్లు, మూత్రం, పాదాల పరీక్షలకు ఇచ్చే 400 మాత్రం ఎప్పటికీ తీయకండి. అది ప్రోత్సాహకం కాదు, దారి ఖర్చు. ఊళ్లోనే మందుల రోజు, పొద్దున్నే తెరిచే వేళ, జతలు అలాగే సాగాలి, వీటికి పెద్దగా డబ్బు పట్టదు.

రెండు నెలలు వరసగా రానివాళ్ల పేర్లు విడిగా రాసుకుని మూడో నెల మొదటివారంలోనే ఇంటికి వెళ్లండి. వలస వెళ్లారా, పసరు మందుకు మారారా, కాలికి పుండై మంచాన ఉన్నారా అన్నది చూడాలి. పుండున్నవాళ్లను అదే రోజు వాహనం ఎక్కించి ఆసుపత్రికి పంపడానికి మొత్తం బడ్జెట్లో ఒక 10,000 ముందే పక్కన పెట్టి ఉంచండి.